ట్రాక్టర్ డీజిల్ ఇంజన్, 5వ పాఠం: డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) మాటిమాటికీ ఎందుకు మూసుకుపోతుంది?

గత పాఠంలో ఈజీఆర్ వాల్వు విప్పి శుభ్రం చేశాం. ఆ వాల్వు కొంత పొగను మళ్లీ సిలిండర్‌లోకి పంపి మంట వేడిని తగ్గిస్తుంది. దాంతో నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గుతాయి కానీ మసి పెరుగుతుంది. ఆ మసిని పట్టేది డీపీఎఫ్. ఐరోపాలో 2019లో మొదలైన స్టేజ్ 5 నియమం మసి బరువుకే కాక కణాల సంఖ్యకూ హద్దు పెట్టింది. ట్రాక్టర్లకు ఈ ఫిల్టర్ దాదాపు తప్పనిసరి కావడానికి కారణం అదే.

లోపల తేనెపట్టులాంటి పింగాణీ దిమ్మ ఉంటుంది. ఒక గదికి ముందు మూత, పక్క గదికి వెనక మూత. పొగ గోడలోంచే దాటాలి, మసి గోడకు అంటుకుంటుంది. బరువు పనిలో పొగ 250 నుంచి 400 డిగ్రీల వేడిలో ఉంటే ఆ మసి దానంతటదే మెల్లగా కాలిపోతుంది. అది చాలనప్పుడు ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ (కంట్రోలర్) అదనంగా డీజిల్ వదిలి ఫిల్టర్‌ను సుమారు 600 డిగ్రీలకు తెస్తుంది. దీన్నే రీజెన్ అంటాం. గంటల తరబడి ఐడిల్‌లో (పని లేకుండా ఇంజన్ తిరుగుతూ) ఉంచిన బండిలో పొగ చల్లగా ఉంటుంది, మసి పేరుకుంటూనే ఉంటుంది.

రీజెన్‌ను సగంలో ఆపడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. మసి మిగిలిపోతుంది, కాసేపటికే రీజెన్ మళ్లీ మొదలవుతుంది. అదనపు డీజిల్‌ను సిలిండర్‌లోనే వదిలే ఇంజన్లలో ప్రతిసారీ కొంత గోడల వెంట జారి ఆయిల్‌లో కలుస్తుంది. పొద్దున్నే, స్టార్ట్ చేయకముందు, చదునైన చోట డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ పై గీత దాటి, వేలికి పల్చగా తగిలి, డీజిల్ వాసన వస్తే కొంత తీసేసి సరిపెట్టొద్దు, మొత్తం మార్చండి. పల్చబడిన ఆయిల్ బేరింగులను కాపాడలేదు.

నిలబెట్టి రీజెన్ చేసేటప్పుడు సైలెన్సర్ చుట్టూ ఎండుగడ్డి లేకుండా చూడండి. పీటీవో (పనిముట్లను తిప్పే షాఫ్ట్) ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజన్ వేడెక్కాకే రీజెన్ బటన్ నొక్కండి. అయిపోయాక కూడా వెంటనే ఆపకండి, టర్బో (పొగ బలంతో తిరిగి ఇంజన్‌లోకి గాలిని నెట్టే భాగం) చల్లబడడానికి కొన్ని నిమిషాలు ఐడిల్‌లో వదలండి.

ఇంత చేసినా డీపీఎఫ్ లైటు పదేపదే వెలుగుతుంటే వెంటనే ఫిల్టర్‌నే తప్పుపట్టకండి. ముందు, ఫిల్టర్‌కు ముందూ వెనకా పొగ ఒత్తిడి తేడాను కొలిచే ప్రెషర్ సెన్సార్‌కు వెళ్లే రెండు సన్న గొట్టాలు చూడండి: చీలినా, లోపల మసి అడ్డుపడినా రీడింగ్ తప్పు వస్తుంది. తాళం ఆన్ చేసి, ఇంజన్ ఆపి ఉన్నప్పుడు ఆ రీడింగ్ సున్నా దగ్గర ఉండాలి. తర్వాత టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు (ఆ గాలిని చల్లబరిచే రేడియేటర్‌కు) వెళ్లే హోస్ చూడండి. క్లాంప్ దగ్గర నల్లటి జిడ్డు చార కనిపిస్తే గాలి అక్కడే పోతోంది. గాలి తగ్గితే మసి పెరుగుతుంది. ఆ తర్వాతే కారే ఇంజెక్టర్, తెరుచుకుని ఇరుక్కుపోయిన ఈజీఆర్ వాల్వు ఉన్నాయేమో చూడండి.

ఇవన్నీ సరిగా ఉంటే మిగిలింది బూడిద. అది ఇంజన్ ఆయిల్‌లో కలిపిన రసాయనాల నుంచి వస్తుంది, ఏ రీజెన్‌కూ కాలదు. అందుకే ఇలాంటి ఇంజన్లకు సీకే-4 గ్రేడు లాంటి తక్కువ బూడిద ఆయిల్ వాడాలి. పేరుకున్న బూడిదను తీయాలంటే ఫిల్టర్ విప్పి, దానికని ఉన్న మెషీన్ మీద శుభ్రం చేయించాలి. ప్రెషర్ వాషర్‌తో మాత్రం కొట్టొద్దు.

వచ్చే పాఠం పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించే యూరియా వ్యవస్థ గురించి. ఈలోగా రీజెన్ జరిగిన ప్రతిసారీ అవర్ మీటర్ అంకె రాసిపెట్టండి. రెండు రీజెన్ల మధ్య గంటలు తగ్గుతూ వస్తుంటే, లైటు వెలగకముందే పైన చెప్పిన వరుసలో వెతకడం మొదలుపెట్టండి.