5కె రేసులో మొదటి కిలోమీటరు

నా మొదటి 5కె, అంటే ఐదు కిలోమీటర్ల పరుగు రేసు, 29 నిమిషాల 25 సెకన్లకు పూర్తయింది. నాలుగు నెలల తర్వాత పరిగెత్తిన రెండోది 27:06. ఈ మధ్యలో నేను కొత్తగా చేసిన సాధన ఏమీ లేదు. అప్పుడూ వారానికి మూడు రోజులే, తర్వాతా మూడు రోజులే. ఒక్కో కిలోమీటరుకు ఎన్ని నిమిషాలు, సెకన్లు పట్టిందో నోటుబుక్కులో రాసుకున్న లెక్క చూస్తే తేడా ఎక్కడుందో తెలిసిపోతుంది.

మొదటి రేసు: 4:48, 5:29, 6:12, 6:51, 6:05.
రెండో రేసు: 5:32, 5:28, 5:34, 5:27, 5:05.

రెండుసార్లూ నేను అనుకున్న వేగం కిలోమీటరుకు 5:30. మొదటి రేసులో తొలి కిలోమీటరుకే 42 సెకన్లు మిగిలాయని సంబరపడ్డాను. నాలుగో కిలోమీటరు ఒక్కదాంట్లోనే 81 సెకన్లు పోయాయి. వడ్డీతో సహా కట్టేశానన్నమాట. మొదటిసారి 5కె కి పేరిచ్చినవాళ్లు ఎవరు అడిగినా నేను ముందు ఈ రెండు వరసలే చూపిస్తాను.

అలా ఎందుకవుతుందో తెలిస్తే ఆపుకోవడం తేలిక. గుండె, ఊపిరితిత్తులు పూర్తి జోరు అందుకోవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. అప్పటిదాకా కండరాలు చాలినంత ఆక్సిజన్ అందకుండానే పని నడిపించేస్తాయి. దానికి తోడు చుట్టూ జనం, చప్పట్లు, మనకన్నా ముందు దూకేవాళ్లు. ఎంత వేగంగా పోతున్నా హాయిగానే ఉన్నట్టు ఉంటుంది. ఆయాసం మొదలయ్యేసరికి జరగాల్సిన నష్టం జరిగిపోయి ఉంటుంది. కాబట్టి ఆ మొదటి మూడు నిమిషాలు ఒళ్లు చెప్పే మాట నమ్మకండి. ముందుగా వేసుకున్న లెక్కనే నమ్మండి.

ఆ లెక్క వేసుకోవడానికి నేను వాడే పద్ధతి ఇది. రేసుకు పది రోజుల ముందు, చదునైన దారిలో 3 కిలోమీటర్లు శక్తి కొద్దీ పరిగెత్తి టైము చూసుకుంటాను. దాన్ని 1.72తో గుణిస్తే 5 కిలోమీటర్లకు పట్టే టైము సుమారుగా వస్తుంది. నాకు 3 కిలోమీటర్లకు 16 నిమిషాలు పట్టింది. గుణిస్తే 27:31, అంటే కిలోమీటరుకు 5:30. పీట్ రీగెల్ అనే అమెరికన్ ఇంజినీరు 1977లో ప్రచురించిన సూత్రంలోంచి వచ్చిందే ఈ గుణకం. దూరం పెరిగేకొద్దీ వేగం ఏ లెక్కన తగ్గుతుందో ఆ సూత్రం చెబుతుంది. నా విషయంలో అది చాలా దగ్గరగా వచ్చింది. ఒకవేళ మీరు ఎప్పుడూ 3 కిలోమీటర్లకు మించి పరిగెత్తి ఉండకపోతే, వచ్చిన టైముకు ఇంకో నిమిషం కలుపుకోండి.

ముందు రోజు ప్రత్యేకంగా చేయాల్సింది పెద్దగా లేదు. 5 కిలోమీటర్లకు తిండి ఎక్కువ తిని నిల్వ చేసుకోవాల్సిన పని లేదు. రోజూ తినేదే తినండి. ఉదయం కొంచెం ఏదైనా తినాలనుకుంటే రెండు గంటల ముందే తినేయండి. కొత్త బూట్లు, కొత్త సాక్సులు మాత్రం ఆ రోజు వద్దు. ఒరుసుకునే చోట్ల కాస్త వ్యాజిలీన్ రాసుకుంటే చాలు.

నంబరు కాగితం, అదే బిబ్, రాత్రే బనీనుకు పెట్టేసుకోండి. బనీను ఒంటి మీద ఉండగా పెట్టుకుంటే వంకరగా వస్తుంది. మంచం మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు పిన్నీసులు పెట్టండి. ఒక్కో పిన్నీసు గుడ్డలోకి రెండుసార్లు దిగి పైకి రావాలి, అప్పుడే పరుగులో ఊగులాడదు. బిబ్ వెనకాల సన్నటి పట్టీలాంటిది అతికించి ఉంటే అదే టైమింగ్ చిప్. దాన్ని మడవకండి, దాని మీదుగా పిన్నీసు దింపకండి. బిబ్ ముందువైపే, పొట్ట మీదే కనిపించాలి. నా మొదటి రేసులో పై రెండు మూలలకే పిన్నీసులు పెట్టాను. ఎదురుగాలికి బిబ్ లేచి గడ్డానికి తగులుతుంటే సగం దారి ఎడమచేత్తో పట్టుకునే పరిగెత్తాను.

ఇక వార్మప్. రేసు చిన్నదైతే వార్మప్ అక్కర్లేదని చాలామంది అనుకుంటారు, నిజానికి చిన్న రేసుకే అది ఎక్కువ కావాలి. మారథాన్‌లో మొదటి కిలోమీటర్లే ఒంటిని వేడెక్కిస్తాయి, 5కె లో అంత వ్యవధి ఉండదు. పదిహేను నిమిషాల ముందు మొదలుపెట్టి పది నిమిషాలు మెల్లగా జాగింగ్ చేయండి. తర్వాత ఎనభై మీటర్ల చొప్పున నాలుగుసార్లు, రేసు వేగం కన్నా కొంచెం ఎక్కువతో పరిగెత్తి, మధ్యలో నడవండి. బూట్ల లేసులు రెండు ముళ్లు వేసి, చివరలు లోపలికి దోపండి.

స్టార్ట్ లైన్ దగ్గర మీ వేగానికి తగ్గ చోట నిలబడండి. ముందు వరసలో నిలబడితే వేగంగా పోయేవాళ్లు మిమ్మల్ని లాక్కుపోతారు. వెనకబడి టైము పోతుందన్న భయం వద్దు. చాలా రేసుల్లో స్టార్ట్ దగ్గరా ఫినిష్ దగ్గరా నేల మీద మ్యాట్ పరుస్తారు. మీ చిప్ మొదటి మ్యాట్ దాటినప్పుడే మీ చిప్ టైము మొదలవుతుంది. బహుమతుల వరసకు మాత్రం మామూలుగా గన్ టైమే, అంటే రేసు మొదలైన క్షణం నుంచి లెక్కించే టైమే చూస్తారు, మనలాంటివాళ్లకు దానితో పనిలేదు.

రెండో రేసులో నా పక్కన అరవై దాటిన పెద్దాయన ఒకరు నిలబడ్డారు. బూటు మడమ ఒకవైపు బాగా అరిగిపోయి ఉంది. ఎంత టైము అనుకుంటున్నారని అడిగితే "ఇరవై ఏడున్నర బాబూ, మొదట్లో నన్ను దాటకు" అన్నారు. దాటలేదు. మొదటి కిలోమీటరంతా ఆయన అడుగుల చప్పుడు వింటూ వెనకే వెళ్లాను. ఎంతమంది మమ్మల్ని దాటి వెళ్లారో లెక్కే లేదు. మూడో కిలోమీటరు బోర్డు దగ్గర్నుంచి వాళ్లే ఒక్కొక్కరుగా వెనక్కి రావడం మొదలైంది.

మీ పక్కన అలాంటి మనిషి దొరక్కపోతే మాట పరీక్ష వాడండి. మొదటి కిలోమీటర్లో చిన్న వాక్యం ఒకటి పూర్తిగా పలకగలగాలి. పలకలేకపోతే అప్పుడే తగ్గండి. రెండో కిలోమీటర్లో రెండు మూడు మాటలు వస్తే సరిపోతుంది. మూడులో మాట రాకపోయినా కంగారు పడక్కర్లేదు.

నాలుగో కిలోమీటరు అసలు పరీక్ష. మొదటి ఉత్సాహం అయిపోయి ఉంటుంది, ఫినిష్ ఇంకా కనబడదు. ఇక్కడ వేగం పెంచాలని చూడకండి, అదే వేగం నిలిపితే గొప్ప. నేను చేసేది, ముందున్న ఒక మనిషి వీపు చూసుకుని, ఆ దూరం పెరగకుండా చూసుకోవడం. భుజాలు చెవుల దాకా బిగుసుకుని ఉంటాయి, ఒకసారి చేతులు కిందికి వదిలి విదిలించండి. డొక్కలో పోటు వస్తే కొంచెం తగ్గి, అక్కడ వేళ్లతో నొక్కిపట్టి, ఊపిరి నిండుగా వదలండి. గుండెల్లో నొప్పి గానీ కళ్లు తిరగడం గానీ వస్తే ఆగిపోయి, అక్కడున్న వాలంటీర్లను పిలవండి.

జీపీఎస్ వాచీ గురించి ఒక ముఖ్యమైన మాట. సరిగా కొలిచిన రోడ్డు రేసు దారిని సైకిల్ చక్రానికి లెక్కించే పరికరం బిగించి కొలుస్తారు. మలుపుల్లో అంచుకు 30 సెంటీమీటర్ల దూరంలో, అతి దగ్గరి దారిలో కొలిచి, తక్కువ పడకుండా ఉండడానికి కిలోమీటరుకు ఒక మీటరు చొప్పున కలుపుతారు. మనం అంత అంచునే పరిగెత్తలేం. ఒక్క లంబకోణపు మలుపును రెండు మీటర్లు ఎడంగా తిరిగితేనే దాదాపు మూడు మీటర్లు ఎక్కువ పరిగెత్తినట్టు. దానికి తోడు ఎత్తయిన భవనాల మధ్య వాచీ తప్పులు. నా వాచీలో ఫినిష్ దగ్గర 5.06 కిలోమీటర్లు ఉంది. వాచీలో 5:30 చూపిస్తోందని నిశ్చింతగా ఉంటే మొత్తం 27:50 అయ్యేది. అందుకే వాచీ తనంతట తానే కిలోమీటర్లు లెక్కపెట్టే ఆటో ల్యాప్ తీసేసి, దారిలో పెట్టిన కిలోమీటరు బోర్డు దగ్గర బటన్ నేనే నొక్కుతాను. బోర్డులు లేని రేసైతే వాచీలో 5:26 చూపించేలా పరిగెత్తండి. మలుపు కనబడగానే దాని లోపలి అంచు వైపు ముందే జరగండి, పక్కవాళ్లను చూసుకుని.

చివరి కిలోమీటర్లో దాచినదంతా తీయొచ్చు. ఫినిష్ కనబడగానే కాదు, దానికి ముందే, బోర్డు దాటిన దగ్గర్నుంచి కొద్దికొద్దిగా. రెండో రేసులో నా 5:05 అలా వచ్చింది. ఆఖరి మలుపులో పెద్దాయనను దాటాను. దాటుతుంటే ఏమీ అనలేదు, చెయ్యి ఎత్తి ముందుకు పొమ్మని సైగ చేశారు. నా తర్వాత కొద్ది సెకన్లకే ఆయనా వచ్చేశారు.

గీత దాటాక ఠక్కున ఆగకండి, కూర్చోకండి. పరుగులో ఉన్న కాళ్లు ఒక్కసారి ఆగితే రక్తం కాళ్లలోనే ఉండిపోయి కళ్లు తిరుగుతాయి. ఐదు నిమిషాలు నడవండి, నీళ్లు గుక్కగుక్కగా తాగండి. ఆ రోజే, సాయంత్రం కాకముందే, ఐదు కిలోమీటర్ల టైములూ విడివిడిగా రాసిపెట్టుకోండి. పక్కనే, ఏ బోర్డు దగ్గర మాట ఆగిపోయిందో కూడా రాయండి. తర్వాతి రేసుకు మొదటి కిలోమీటరు ఎంతలో పెట్టాలో మీకు అక్కడే దొరుకుతుంది.