ఊరి వర్తక దాత జీవిత చరిత్రను రాయడం ఎలా

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఏ పట్టణానికి వెళ్లినా బడి గది మీదనో, సత్రం గోడ మీదనో, బస్టాండు పక్కన చలివేంద్రం మీదనో ఒక వర్తకుడి పేరు చెక్కి ఉంటుంది. ఆయన పోయాక కుటుంబమో, వర్తక సంఘమో పుస్తకం వేయించాలని పూనుకుంటే అది చాలాసార్లు సంస్మరణ సంచికతో ఆగిపోతుంది. అందులో ఫొటోలు, సంతాప సందేశాలు, ‘వితరణశీలి’, ‘పరోపకార పరాయణుడు’ వంటి మాటలు నిండుగా ఉంటాయి గాని, ఆయన పొద్దున్నే ఏం చేసేవారో, సొమ్ము ఎలా సంపాదించి ఎలా ఇచ్చారో ఉండదు. కందుకూరులో టోకు కిరాణా వ్యాపారం చేసిన ఒక పెద్దమనిషి జీవితాన్ని రాసిన అనుభవంతో, ఈ పనికి పూనుకునేవారికి పనికివస్తుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మొదట చూడవలసింది శిలాఫలకాన్ని కాదు, చిట్టా పుస్తకాన్ని. కుటుంబ సభ్యుల అనుమతి తీసుకొని పాత చిట్టా ఆవర్జాలను, అంటే రోజువారీ పద్దుల పుస్తకాలను, ఖాతా పుస్తకాలను బయటికి తీయించాలి. నేను చూసిన పుస్తకానికి ఎర్రబట్ట అట్ట, మొదటి పేజీలో పసుపు బొట్లు, ‘శ్రీ’కారం ఉన్నాయి, సరుకు పద్దులన్నీ ముగిశాక చివరి పేజీల్లో ‘ధర్మం’ అని విడిగా ఒక ఖాతా ఉంది. ‘చలివేంద్రం కుండలు, మజ్జిగ’, ‘హమాలీ కొడుకు పరీక్ష ఫీజు’, ‘తుఫాను వారికి బియ్యం, ఉప్పు’ అని ఒక్కొక్క వరుసలో రాసిపెట్టారు. వ్యాపారం దెబ్బతిన్న ఒక సంవత్సరం ఆ ఖాతా సగానికి తగ్గింది. అయినా పరీక్ష ఫీజుల వరుస ఒక్కటీ తగ్గలేదు. ఆయన దేన్ని వదులుకోవడానికి ఒప్పుకోలేదో ఆ పేజీ చెప్పినంత స్పష్టంగా ఏ ఉపన్యాసమూ చెప్పలేదు. అందువల్ల ధర్మ ఖాతాను కనీసం పదేళ్లపాటు వరుసగా ఎత్తిరాసుకొని, పక్కనే ఆయా సంవత్సరాల వ్యాపార స్థితిని కూడా రాసుకోవాలి.

పాత పద్దుల్లో తేదీలు చదవడానికి కొంత ఓపిక కావాలి. ‘పింగళ’ అని తెలుగు సంవత్సరం పేరు ఉంటే అది 1977-78 కావచ్చు, అరవై ఏళ్ల వెనకటి 1917-18 కూడా కావచ్చు. చేతిరాతను, ధరలను చూసి తేల్చుకోవాలి. రెవెన్యూ కాగితాల్లో ఫసలీ (భూమిశిస్తు లెక్కల సంవత్సరం) ఉంటే దానికి 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1957 ఏప్రిల్‌కు ముందు లెక్కలు అణాల్లో, పైసల్లో ఉంటాయి గనుక వాటిని అలాగే ఉంచి, రూపాయికి పదహారు అణాలని పాఠకుడికి ఒకసారి గుర్తుచేస్తే చాలు. మనుషులు మాత్రం సంవత్సరం చెప్పరు, ‘పెద్ద తుఫాను వచ్చినప్పుడు’ అంటారు. అది 1977 నవంబరు తుఫానా, 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తీరం దాటినదా అని అడిగి తెలుసుకోవాలి.

శిలాఫలకం విషయంలో నేనే పొరపడ్డాను. ఒక బడి గది మీద ఉన్న సంవత్సరాన్నే నిర్మాణ సంవత్సరంగా రాసుకున్నాను. తీరా దాన పత్రం నకలు తీయిస్తే స్థలం అంతకు తొమ్మిదేళ్ల ముందే ఇచ్చినట్టు తేలింది. ఫలకం మీద ఉన్నది ప్రారంభోత్సవ తేదీ మాత్రమే. సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఈసీ (ఆ ఆస్తి మీద నమోదైన లావాదేవీల పత్రం), దాన పత్రం నకలు తీసుకోవడం తప్పనిసరి. ఎక్కడ వెతకాలన్నది తెలియాలంటే జిల్లా చరిత్ర తెలియాలి. ప్రకాశం జిల్లా 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లాగా ఏర్పడి, 1972లో ఇప్పటి పేరు పొందింది. అంతకు ముందు ఒంగోలు గుంటూరు జిల్లాలో, కందుకూరు నెల్లూరులో, మార్కాపురం కర్నూలులో ఉండేవి గనుక, 1970కి పూర్వపు జిల్లా కాగితాల కోసం ఆయా పాత జిల్లా కేంద్రాల్లోనూ విచారించవలసి ఉంటుంది. పత్రికల కోసం నెల్లూరు వారపత్రిక ‘జమీన్ రైతు’ పాత సంచికలు, 1918లో స్థాపించిన వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం చూడదగినవి.

మాట్లాడించేటప్పుడు కుటుంబం కంటే ముందు గుమాస్తాను, హమాలీలను కలవడం మంచిది. ‘ఆయన ఎటువంటివారు?’ అని అడిగితే ‘దేవుడండీ’ అంటారు, అక్కడితో మాట ఆగిపోతుంది. కొట్టు ఎన్నింటికి తెరిచేవారు, తూకం ఎవరు వేసేవారు, బాకీ తీర్చలేనివారిని ఏమనేవారు అని అడగాలి. ఒక ముసలి హమాలీ నాతో, ‘సరుకు లెక్కపెట్టేటప్పుడు శెట్టిగారు “ఒకటి” అననిచ్చేవారు కాదయ్యా, దాని బదులు “లాభం” అని, “లాభం, రెండు, మూడు” అనే లెక్కపెట్టాలి, కూలి మాత్రం దీపాలు పెట్టేలోపు చేతిలో పెట్టేవారు’ అన్నారు. నా పుస్తకంలో నేను అన్నిటికన్నా విలువైనదిగా భావించే వాక్యం అదే.

ఒక సేవా కార్యం గురించి రాసేటప్పుడు స్థలం ఎవరిది, సొమ్ము ఎవరిది, శ్రమ ఎవరిది అని మూడు ముక్కలుగా విడదీసి చూడాలి. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ ప్రారంభించిన పల్లిపాడు పినాకినీ ఆశ్రమమే ఇందుకు మంచి ఉదాహరణ. అక్కడ భూమి పొణకా కనకమ్మ ఇచ్చారు, భవనానికి దక్షిణాఫ్రికాలో వ్యాపారం చేసిన పారసీ రుస్తుంజీ పదివేల రూపాయలు ఇచ్చారు, దిగుమర్తి హనుమంతరావు వంటివారు తమ జీవితాన్నే ఇచ్చారు. దాత గొప్పతనాన్ని పెంచాలని మిగతా ఇద్దరినీ చెరిపేస్తే అది చరిత్ర కాదు. అలాగే ఆయన వ్యాపారంలోని తగాదాలను, వాటాదారులతో విడిపోయిన సందర్భాలను దాచకూడదు. సహాయం పొందినవారి పేర్లను మాత్రం వారి అంగీకారం లేకుండా అచ్చు వేయకూడదు. ఒకప్పుడు ఫీజు కట్టించుకున్న పిల్లవాడు ఇప్పుడు తన మనవళ్ల ముందు ఉంటాడు.

చిత్తుప్రతి పూర్తయ్యాక, అచ్చుకు ఇచ్చే ముందు గుమాస్తాగారిని కూర్చోబెట్టి మొదటి నుంచి చివరి దాకా పైకి చదివి వినిపించాలి. చలివేంద్రం ఏటా ఉగాది నాడు తెరిచేవారని నేను రాశాను. ఆయన చేయి ఎత్తి ఆపి, ‘కాదండీ, శ్రీరామనవమి నాడు, పానకంతో మొదలుపెట్టేవాళ్లం. కుండలు నేనే తెచ్చేవాణ్ణి’ అని దిద్దారు. ఆ దిద్దుబాట్ల కోసం ఒక పూర్తి రోజు కేటాయించుకోవాలి.