గిట్‌లో టీమ్ సెట్టింగులు పట్టడం లేదా? ముందు పాత్ చూడండి

సమస్య: మీ ప్రాజెక్టు కోడులో మార్పులను గిట్ అనే టూల్‌తో దాస్తున్నారు. అందులో టీమ్ కాన్ఫిగ్ ఫైలు, అంటే టీమంతా వాడాల్సిన గిట్ సెట్టింగులు రాసిన ఫైలు ఉంది. దాన్నీ చదవమని గిట్‌కు చెప్పే లైను రాసి ఇన్‌క్లూడ్ కూడా చేశారు. ఎర్రర్ ఏమీ రాలేదు, కానీ ఒక్క సెట్టింగూ పట్టలేదు.

తిరుపతిలో మా దగ్గరికి పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు ఇక్కడ గిట్‌నే తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. గిట్ కాన్ఫిగ్ కమాండుకు లిస్ట్, షో-ఆరిజిన్ ఆప్షన్లు ఇచ్చి నడపండి. ఏ సెట్టింగు ఏ ఫైలు నుంచి వచ్చిందో చూపిస్తుంది. లోకల్ అనే ఆప్షన్ మాత్రం కలపకండి, అది కలిపితే ఇన్‌క్లూడ్ చేసిన ఫైళ్లను మామూలుగా చూడదు. టీమ్ ఫైలు పేరు లిస్టులో లేదంటే గిట్ దాన్ని చదవనే లేదు.

కారణం: మీరు ప్రాజెక్టు ఫోల్డరులో కూర్చుని ఇన్‌క్లూడ్ లైనులో పాత్‌గా, అంటే ఫైలుకు దారిగా, దాని పేరు ఒక్కటే రాశారు. ఆ లైను వెళ్లి చేరింది ప్రాజెక్టు లోపల గిట్ తన సమాచారం దాచుకునే డాట్ గిట్ ఫోల్డరులోని కాన్ఫిగ్ ఫైలులో. ఇన్‌క్లూడ్ పాత్‌ను ఆ లైను ఉన్న ఫైలు దగ్గర నుంచే లెక్కిస్తారు, మీరు ఉన్న చోటు నుంచి కాదు. కపిలతీర్థం దగ్గర నిలబడి చెప్పిన దారి బస్టాండులో దిగినవాడికి పనికొస్తుందా? గిట్ డాట్ గిట్ లోపల వెతుకుతుంది, ఫైలు కనబడకపోతే ఒక్క మాట కూడా చెప్పకుండా ముందుకు పోతుంది. ఆ మౌనం వల్లే నేనొకసారి సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. ఫైలులో తప్పుందనుకుని లైను లైనూ చదివాను, తప్పు ఫైలులో లేదు.

పరిష్కారం: పేరుకు ముందు రెండు చుక్కలు, ఒక స్లాష్ పెట్టండి, అంటే ఒక ఫోల్డరు పైకి వెళ్లి వెతకమని. మళ్లీ లిస్టు తీయండి, ఈసారి ఫైలు పేరు కనబడాలి. అదే లైను హోమ్‌లోని గ్లోబల్ కాన్ఫిగ్‌లో ఉంటే లెక్క హోమ్ నుంచి మొదలవుతుంది.

కమిట్ లాంటి పనులప్పుడు గిట్ తనంతట తానే నడిపే స్క్రిప్టులను హుక్కులు అంటారు, అవి ఏ ఫోల్డరులో ఉన్నాయో చెప్పే సెట్టింగు హుక్స్ పాత్. ఇది నేర్చుకున్నవాళ్లు హుక్స్ పాత్‌కూ రెండు చుక్కలు పెట్టేస్తారు, అప్పుడు హుక్కులు ఆగిపోతాయి. దాని లెక్క వేరు. మామూలు రిపోలో (గిట్‌లో ఉన్న ప్రాజెక్టులో) హుక్కులు ప్రాజెక్టు ప్రధాన ఫోల్డరులోనే నడుస్తాయి కాబట్టి పాత్ కూడా అక్కడి నుంచే. ఫోల్డరు పేరు ఒక్కటే రాస్తే చాలు.

విండోస్‌లో బ్యాక్‌స్లాష్ రాసి ఎర్రర్ వస్తే మామూలు స్లాష్ వాడండి. లినక్స్‌లో పాత్ సరిగ్గా ఉన్నా హుక్కు నడవకపోతే దానికి ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఇవ్వండి.