విమ్‌లో కంట్రోల్ ఎస్ నొక్కితే స్క్రీన్ బిగుసుకుపోయేది, ఇలా సెట్ చేశా

విమ్ అంటే టెర్మినల్‌లో (కమాండ్లు కొట్టే విండోలో) నడిచే టెక్స్ట్ ఎడిటర్, అందులోంచి బయటికి రావడం తెలీక అందరూ తిప్పలు పడతారు కదా, నాకు అది బానే వచ్చేసింది, నా గొడవ వేరే. పాత ఎడిటర్ అలవాటుకి నాలుగు లైన్లు కొట్టగానే చెయ్యి దానంతటదే కంట్రోల్ ఎస్ మీదికి పోతుంది, అంతే, స్క్రీన్ ఫ్రీజ్, ఏం నొక్కినా కదలదు. చాలామంది విమ్ హ్యాంగ్ అయిందనుకుని విండో మూసేస్తారు గానీ పాపం విమ్ తప్పేం లేదు, ఇది టెర్మినల్ పని. పాత రోజుల్లో స్క్రీన్ మీద టెక్స్ట్ పరిగెడుతుంటే చదువుకోడానికి కంట్రోల్ ఎస్‌తో ఆపి, కంట్రోల్ క్యూతో మళ్ళీ వదిలేవాళ్ళు, ఆ ఏర్పాటు ఇంకా అలాగే ఉంది.

సో కంట్రోల్ క్యూ నొక్కితే లైన్‌లోకి వచ్చేస్తుంది. కానీ జాగ్రత్త, ఫ్రీజ్‌లో ఉన్నప్పుడు కంగారులో కొట్టిన కీలన్నీ ఎక్కడికీ పోవు, ఎస్కేప్ నొక్కాక డీ డీ కొట్టుంటే లైన్ ఎగిరిపోయి ఉంటుంది, ఎస్కేప్ కొట్టి యూ నొక్కి వెనక్కి తెచ్చుకోవాలి.

ఈ ఆపే ఏర్పాటుని పర్మనెంట్‌గా తీసేయాలంటే బాష్‌ఆర్‌సీ ఫైల్లో (టెర్మినల్‌లో నడిచే బాష్ సెట్టింగుల ఫైల్) ఎస్‌టీటీవై, స్పేస్, మైనస్ ఐఎక్స్ఆన్ అని ఒక లైన్ పెట్టి టెర్మినల్ మళ్ళీ ఓపెన్ చేయండి. ఆ తర్వాత విమ్ సెట్టింగుల ఫైల్ విమ్‌ఆర్‌సీలో కంట్రోల్ ఎస్‌ని సేవ్‌కి మ్యాప్ చేసుకున్నా. ఆఫీస్ సర్వర్లో మాత్రం సెట్టింగ్ ముట్టుకోకుండా కంట్రోల్ క్యూతోనే లాగిస్తున్నా.