జావా ప్రాజెక్టుకు జేయూనిటా, టెస్ట్‌ఎన్‌జీయా?

రెండూ జావా కోడ్‌కు టెస్టులు రాసి నడిపే ఫ్రేమ్‌వర్కులే. ముందు జావా వెర్షన్ చూడండి. 8 లేదా 11 అయితే జేయూనిట్ 5. 17 గానీ ఆపైన గానీ అయితే 2025లో వచ్చిన జేయూనిట్ 6. స్ప్రింగ్ బూట్ అనే జావా ఫ్రేమ్‌వర్క్ వాడుతుంటే ఇంత ఆలోచనే అక్కర్లేదు, టెస్టులకు కావాల్సిన లైబ్రరీలన్నీ కలిపిచ్చే దాని టెస్ట్ స్టార్టర్‌తోనే జేయూనిట్ వచ్చేస్తుంది.

లాగిన్ టెస్టు ఫెయిలైతే దానిమీద ఆధారపడ్డ టెస్టులన్నీ స్కిప్ అవ్వాలనుకుంటే టెస్ట్‌ఎన్‌జీ మేలు. బ్రౌజర్‌ను ఆటోమేటిగ్గా నడిపి పరీక్షించే సెలీనియం టూల్ వాడే టీములు చాలావరకు దాన్ని ఇష్టపడేది అందుకే. కోడ్‌లో ఒక్కో చిన్న భాగాన్ని విడిగా పరీక్షించే యూనిట్ టెస్టుల్లో మాత్రం ఒకదానిమీద ఒకటి ఆధారపడటం తలనొప్పే. పైగా టెస్ట్‌ఎన్‌జీ క్లాసంతటికీ ఒకే ఆబ్జెక్టు వాడుతుంది, జేయూనిట్ ప్రతి మెథడ్‌కూ కొత్తది చేస్తుంది. జేయూనిట్ నుంచి అటు మారితే, ముందు టెస్టు ఫీల్డులో వదిలిన విలువ తర్వాతి టెస్టును పాడుచేయొచ్చు.

పాత జేయూనిట్ 4 టెస్టులుంటే అన్నీ ఒకేసారి తిరగరాయొద్దు. పాత టెస్టులను కొత్త జేయూనిట్‌లో నడిపే వింటేజ్ ఇంజిన్ జోడిస్తే అవీ నడుస్తాయి.

బిల్డ్ పాసై, నడిచిన టెస్టులు సున్నా అని వస్తే మూడు చోట్ల చూడండి: మేవెన్ బిల్డ్ టూల్‌లో టెస్టులు నడిపే ష్యూర్‌ఫైర్ ప్లగిన్ పాతదా (జేయూనిట్ 5కు కనీసం 2.22.0, జేయూనిట్ 6కు కనీసం 3.0.0 ఉండాలి), మేవెన్ బదులు గ్రేడిల్ బిల్డ్ టూల్ వాడితే అందులో జేయూనిట్ ప్లాట్‌ఫామ్ ఆన్ చేశారా, టెస్ట్ యానొటేషన్‌ను (ఇది టెస్టు అని చెప్పే @Test గుర్తు) జేయూనిట్ 5, 6ల జూపిటర్ ప్యాకేజీ నుంచే ఇంపోర్ట్ చేశారా. సెటప్ అవగానే కావాలని ఒక టెస్టు ఫెయిల్ చేయండి. బిల్డ్ అప్పుడూ ఆకుపచ్చగానే ఉంటే టెస్టులు నడవట్లేదన్నమాటే.