ఘాట్ ఎక్కే ముందు: బ్రేక్ ఆయిల్ పోశాం కదా అని బయలుదేరకండి

ఘాట్ మలుపులో పిట్టగోడను గుద్ది ఆగిన కారు ఫొటో, కింద ‘బ్రేకులు ఫెయిల్’ అని రెండు ముక్కలు. కార్తీకం వచ్చి శ్రీశైలం, అరకు దారులు నిండితే ఇలాంటి వార్తలు ఇంకా చూస్తాం. బ్రేకులు ఉన్నట్టుండి పోయాయంటారు గానీ, లీకున్న కారు చాలాసార్లు ముందే చెబుతుంది. హ్యాండ్ బ్రేక్ దించినా డ్యాష్‌బోర్డు మీద ఎర్ర లైటు ఆరదు. లేదా మలుపుల్లో వెలిగి ఆరుతుంటుంది. ఓనరు అర లీటరు బ్రేక్ ఆయిల్ కొని పోస్తాడు. లైటు ఆరిపోతుంది. కొంప ముంచేది అక్కడే.

బ్రేక్ ఆయిల్ ఇంజిన్ ఆయిల్‌లా కాలి తగ్గదు. ప్యాడ్లు అరిగితే నెలల మీద కాస్త దిగుతుంది, అంతే. వారం పది రోజుల్లో బానెట్ కింది బ్రేక్ ఆయిల్ డబ్బాలో మ్యాక్స్ గీత నుంచి మిన్ గీతకు వచ్చిందంటే ఎక్కడో కారుతున్నట్టే. క్లచ్‌కూ అదే డబ్బా అయితే క్లచ్ వైపూ చూడాలి.

మరి లీకుతో కూడా ఊళ్లో ఎలా తిరగగలుగుతున్నారు? బ్రేకు లైన్లు రెండు ఉంటాయి. ముందు చక్రాలు లాగే కార్లలో ఎక్కువగా ఐమూలగా వేస్తారు: ఎడమ ముందుది, కుడి వెనకది ఒక లైను, మిగతా రెండూ ఇంకొకటి. ఒకటి ఖాళీ అయితే పెడల్ బాగా లోపలికి దిగి, రెండో లైను మీద ఆగుతుంది. 40 స్పీడులో ‘కాస్త మెత్తగా ఉంది’ అనిపిస్తుంది తప్ప భయం వేయదు. అదే తిరుమల మొదటి ఘాట్‌లో దిగేటప్పుడైతే బరువంతా రెండు చక్రాల మీదే పడుతుంది. వాటి బ్రేకులు వేడెక్కి ఆయిల్ మరిగే దాకా వెళ్లవచ్చు. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. మరిగితే ఆవిరి పుడుతుంది. ఆవిరి నలుగుతుంది, ఆయిల్ నలగదు. పెడల్ నేలకు తగులుతుంది, బండి ఆగదు. రెండేళ్లకోసారి ఆయిల్ మార్చమనేది ఇందుకే.

బయలుదేరే ముందు ఇంట్లోనే ఒక పరీక్ష చేయండి. ఇంజిన్ ఆపి పెడల్ నాలుగైదుసార్లు తొక్కండి, గట్టిపడుతుంది. అప్పుడు గట్టిగా తొక్కి అర నిమిషం అలాగే పట్టుకోండి. మెల్లగా కిందికి జారుతుంటే లీకన్నా ఉంది, మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను లైన్లలోకి నెట్టేది) లోపలి వాషర్లన్నా పోయాయి.

తర్వాత చక్రాల లోపలి వైపు టార్చి వేసి చూడండి. వెనక టైరు లోపలి గోడ తడిగా, జిడ్డుగా ఉంటే చక్రం దగ్గరి బ్రేకును నొక్కే వీల్ సిలిండర్ కారుతున్నట్టే. ముందు చక్రాల దగ్గర రబ్బరు హోస్‌లు పగిలినా, ఉబ్బినా మార్చాల్సిందే. వెనక ఇరుసు వైపు వెళ్లే ఇనుప పైపులు క్లిప్పుల కింద తుప్పు పడతాయి, పైకి కనపడదు. ఎక్కడా తడి లేకపోయినా ఆయిల్ తగ్గుతోందా? మాస్టర్ సిలిండర్ వెనక సీలు పోయి, పెడల్‌కు బలం చేర్చే బూస్టర్‌లోకి వెళ్తుండవచ్చు. ఏసీ నీటి చుక్కలు చూసి కంగారుపడకండి. బ్రేక్ ఆయిల్ వేళ్ల మధ్య జారుతుంది.

ఇక ఇవి:

పోసి వెళ్లకండి. ముందు లీకు పట్టుకోండి.

డబ్బాలో ఇంజిన్ ఆయిల్ ఒక్క చుక్క కూడా వద్దు. సీళ్లు ఉబ్బిపోతాయి.

మూత మీద రాసిన డాట్ నంబరే వాడండి. డాట్ 5 వేరే జాతి, కలపకండి.

కారే పైపును మడిచి సుత్తితో నొక్కి ‘సాయంత్రం దాకా నడుస్తుంది’ అని మెకానిక్ అంటే దిగిపోండి. రబ్బరు ట్యూబు, క్లిప్పు అతుకులూ అంతే. గట్టిగా తొక్కితే లైన్లో 100 బార్ దాటుతుంది.

హోస్ మారిస్తే రాగి వాషర్లూ కొత్తవే.

ఆయిల్ తడిసిన బ్రేకు లైనర్లు పెట్రోలుతో కడిగి వేయనివ్వకండి. మార్చాలి.

పని అయ్యాక బ్రేకు లైన్లలో చేరిన గాలి తీయించండి. తీసేటప్పుడు డబ్బా ఖాళీ కానివ్వకూడదు.

పోసి వెళ్లకండి.

దారిలో పెడల్ కిందికి పోతే గబగబా తొక్కుతూ ఉండండి. గేర్లు ఒక్కొక్కటే దించండి. హ్యాండ్ బ్రేక్ బటన్ నొక్కి పట్టుకుని కొద్దికొద్దిగా లాగండి. ఇంజిన్ ఆపకండి, స్టీరింగ్ బరువెక్కుతుంది. లోయ వైపు కాదు, కొండ వైపు ఆనించండి.

ఆగాక డబ్బా నింపుకుని మళ్లీ దిగకండి. టోయింగ్ బండిని పిలవండి.