మేడ మీద ప్యానల్ గది: ముందు గట్టు, తర్వాతే గోడ

విశాఖలో మేడ మీద పది బై పన్నెండు అడుగుల ప్యానల్ గది, అంటే స్టీలు ఫ్రేముకు రెండు రేకుల మధ్య నురుగు నింపిన పలకలు బిగించిన గది, కావాలని నా దగ్గరికి వచ్చేవాళ్లు మొదట ప్యానల్ రంగు అడుగుతారు. నేను గట్టు సంగతి ఎత్తుతాను.

నేను కట్టిన మొదటి గదికి కింది ట్రాక్‌ను (ఫ్రేము నిలబడే స్టీలు పట్టీని) నేరుగా స్లాబ్ మీదే బిగించాను. మొదటి వానకే లోపల మంచం కాళ్లు తడిశాయి. ప్యానల్ మీంచి జారిన నీళ్లు ట్రాక్ కిందికి దూరాయి. ఎన్ని ట్యూబుల సిలికాన్ పూసినా ఆగలేదు. ఇప్పుడు గది చుట్టూ నాలుగు అంగుళాల కాంక్రీట్ గట్టు పోయించి, స్లాబ్‌తో కలిసేచోట వాటర్‌ప్రూఫింగ్ చేయించాకే స్టీలు దించుతాను. తలుపు దగ్గర కూడా గట్టు తెంపకండి, గడప అనుకోండి. ప్యానల్ గట్టుకు బయటివైపు రెండంగుళాలు కిందికి దిగితే నీళ్లు బయటే కారిపోతాయి.

గట్టు మట్టం ట్యూబ్ లెవెల్‌తో (నీళ్లు నింపిన పారదర్శక గొట్టంతో) చూడండి. మూల నుంచి మూలకు రెండు వైపులా టేపు పట్టండి. ఈ కొలతల గదికి రెండూ 15 అడుగుల ఏడున్నర అంగుళాలు రావాలి. తేడా వదిలేస్తే చివరి మూలలో ప్యానల్ కోసి అతకాల్సి వస్తుంది.

ఫ్రేముకు నిలువు స్టడ్‌లుగా నేను 89 మి.మీ. సీ సెక్షన్లు (C ఆకారపు జింకు పూత స్టీలు పట్టీలు) వాడతాను. రెండడుగులకొకటి, తలుపు కిటికీల పక్కన జంటగా. కటింగ్‌కు గ్రైండర్ ఎత్తనివ్వను. నిప్పురవ్వలకు జింకు పూత కాలి, ఈ ఉప్పుగాలికి త్వరగా తుప్పు పడుతుంది. రేకు కత్తెర, నిబ్లర్ (రేకును కొరికి కోసే మెషీన్) చాలు.

50 మి.మీ. పఫ్ (పాలియురేథేన్ నురుగు) ప్యానల్ చదరపు మీటరుకు సుమారు 10 కిలోలే. అదే నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ 200 దాటుతుంది. స్లాబుకు మంచిదే, కానీ తేలిక అంటే గాలికి లేస్తుందని కూడా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఇక్కడ మేడల మీద రేకులు ఎలా ఎగిరాయో చూశాం. కట్టడాల మీద పడే భారాల భారతీయ ప్రమాణం ఐఎస్ 875లో విశాఖకు లెక్కలోకి తీసుకోవాల్సిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. అంటే గంటకు 180 కిలోమీటర్లు. అందుకే ట్రాక్ స్క్రూలను నమ్ముకోకండి. నాలుగు మూలలా, తలుపుకు రెండు పక్కలా స్టడ్‌కు బ్రాకెట్ వేసి, గట్టు దాటి స్లాబ్‌లోకి యాంకర్ బోల్టు దించాలి. బోల్టు సైజు, లోతు స్ట్రక్చరల్ ఇంజినీరుతో లెక్క వేయించుకోండి. ఆ ఫీజు దగ్గర బేరాలొద్దు.

ప్యానల్ గాడిలో గాడి కూర్చోబెట్టే ముందు లోపల సీలెంట్ గీత వేయాలి, తర్వాత పూస్తే పైపూతే. రక్షణ ఫిల్మ్ అదే రోజు పీకేయండి. ఎండకు కాలితే గోళ్లరిగినా రాదు. పఫ్ మండుతుంది కాబట్టి పొయ్యి పెట్టే వైపు రాక్‌వూల్ (మండని రాతి నార) ప్యానల్ వేయండి.

లోపల బోర్డులు బిగించే ముందు నాలుగు గోడల మీదా, కిటికీల మీదా అరగంట చొప్పున పైపుతో నీళ్లు కొట్టించండి. గట్టు లోపలివైపు పాత పేపరు పరిచి ఉంచితే, తడి ఎక్కడ మొదలైందో అదే చూపిస్తుంది.